బుడిబుడి అడుగుల... ఆదివారం!

రెండున్నరేళ్ల పిల్లాడితో బెజవాడలో సెలవురోజు ఎక్కడికి వెళ్లాలి? హోటలుకా, లంకకా, సముద్రానికా? కొన్ని నెలలు తిరిగి తిరిగి చూసిన ఓ అమ్మ అనుభవం ఇది.

ఆదివారం పొద్దున ఏడున్నర. కాఫీ గ్లాసు పట్టుకుని తీరిగ్గా బాల్కనీలో కూర్చున్నా. మావాడు నిద్రలేచి కళ్లు నులుముకుంటూ వచ్చాడు. నన్ను ఎగాదిగా చూశాడు. గబగబా లోపలికెళ్లి, నా హ్యాండుబ్యాగు ఈడ్చుకుంటూ తెచ్చి ఒళ్లో పెట్టాడు. 'అమ్మా... ఆపీసు. టాటా' అన్నాడు. చెయ్యి కూడా ఊపాడు!

మావారు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ కాఫీ మాత్రం గొంతు దిగలేదు.

వాడి తప్పేం లేదు. రోజూ ఇంట్లో జరిగేది అదే. వాడు పాలు తాగేలోపు నేను తయారై గుమ్మంలో ఉంటాను. పత్రిక ఉద్యోగం కదా, రాత్రి నేను వచ్చేసరికి నాయనమ్మ పక్కన ముడుచుకుని నిద్రపోతుంటాడు. స్నానం నాయనమ్మే, అన్నం నాయనమ్మే, కథలూ నాయనమ్మే. వాడి లెక్కలో అమ్మంటే... బ్యాగు తగిలించుకుని టాటా చెప్పే మనిషి. ఆ రోజే అనుకున్నాం, ఇక నుంచి ఆదివారాలు వాడివేనని. 'వెళ్లిరండమ్మా, నేనూ కాసేపు నడుం వాలుస్తాను' అన్నారు అత్తయ్య.

కలిసి తిందామని వెళ్లి...

మొదటి ఆదివారం అందరూ చేసే పనే చేశాం. పెద్ద ఏసీ రెస్టారెంటుకి వెళ్లాం. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. పేరు రాయించుకుని బయట కుర్చీల్లో ఇరవై నిమిషాలు. అది సరిగ్గా వాడు నిద్రపోయే వేళ. బల్ల దొరికాక ఆర్డరు రావడానికి ఇంకో అరగంట. ఈలోగా చెంచాలు రెండుసార్లు కింద పడ్డాయి. మంచినీళ్లు మావారి చొక్కా మీద పడ్డాయి. ఎట్టకేలకు బిర్యానీ వచ్చింది. మన బెజవాడ కారం సంగతి తెలిసిందేగా! ఒక్క మెతుకు నాలుక్కి తగలగానే వాడు అందుకున్న రాగానికి హాలంతా మావైపే చూసింది.

ఆయన వాణ్ని ఎత్తుకుని గుమ్మం దగ్గరున్న చేపల తొట్టె చూపిస్తుంటే నేను నాలుగు ముద్దలు తిన్నా. తర్వాత నేను చేపలు చూపిస్తుంటే ఆయన చల్లారిన బిర్యానీ తిన్నారు. కలిసి భోంచేద్దామని వెళ్లి, వంతులవారీగా తిని వచ్చామన్నమాట.

తర్వాతి వారం పద్ధతి మార్చాం. మధ్యాహ్నం భోజనం కాదు, పొద్దున టిఫిను. గాంధీనగర్‌లోని బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ గురించి ఊళ్లోవాళ్లకు చెప్పక్కర్లేదు. వేడి ఇడ్లీ మీద వెన్న కరుగుతూ ఉంటుంది. చట్నీ, కారప్పొడి మాకు. వెన్న రాసిన ఇడ్లీ వాడికి. ఎదురుచూపుల్లేవు, కారం లేదు, నిద్రవేళ కాదు. ఒక ఇడ్లీ తనే తుంచుకుని తిన్నాడు, బుగ్గలకి కూడా కాస్త పెట్టాడు. ముగ్గురం ఒకే బల్ల దగ్గర, ఒకేసారి తినడం మాకు అదే మొదలు!

ఆ తర్వాత భోజనానికి వెళ్లినా పన్నెండు దాటకుండా వెళ్తున్నాం. కూర్చోగానే ముందు ముద్దపప్పు, నెయ్యి, పెరుగు అడుగుతున్నాం. వాడి పొట్ట నిండాకే మా ఆర్డరు. ఈ చిన్న చిట్కాతో సగం యుద్ధాలు తప్పాయి.

చూపించింది ఒకటి... చూసింది ఇంకోటి

తిండి సంగతి తేలింది. ఇక తిరగడం. మనకి చోట్లకేం కొదవ? పున్నమి ఘాట్‌లో పడవెక్కితే భవానీ ద్వీపం. కృష్ణ మధ్యలో 133 ఎకరాల పచ్చటి లంక. అక్కడ జారుడుబల్లలున్నాయి, ఉయ్యాలలున్నాయి. మావాడు మాత్రం పడవ దిగనని మొండికేశాడు. పడవే వాడికి ద్వీపం! దింపడానికి మా తల ప్రాణం తోకకొచ్చింది.

మరో ఆదివారం కొండపల్లి. ఊరికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. బొమ్మల కాలనీలో తెల్లపొణికి కర్రని చెక్కి, ముక్కల్ని చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి రంగులు దిద్దుతారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, ఎడ్లబండి... ఏదో ఒకటి మా ఇళ్లల్లో అద్దాల బీరువాలో ఉండేదే. ఏనుగు కొని వాడి చేతిలో పెట్టాం. వాడు దాన్ని వదిలేసి, గుమ్మంలో రాలిన చెక్కపొట్టు దగ్గర కూలబడ్డాడు. గుప్పెళ్లతో ఎత్తి పోసుకోవడం, ఊదడం. 'పర్లేదు, ఆడుకోనీండమ్మా. పట్టుకుంటే బరువే ఉండదు ఆ పొట్టు' అన్నాడు బొమ్మ చెక్కుతున్న పెద్దాయన. అప్పుడు నేనూ పట్టుకుని చూశా. నిజంగా దూదిలా ఉంది. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగి, ఆ కర్ర అంత తేలికని అప్పుడే తెలిసింది నాకు.

ఇంకోసారి ధైర్యం చేసి బందరు దాకా వెళ్లాం. బందరు రోడ్డులో ఉయ్యూరు దాటితే రెండువైపులా వరి, చెరకు, మధ్య మధ్య కాలవలు. మచిలీపట్నం నుంచి ఇంకాస్త ముందుకెళ్తే మంగినపూడి తీరం. వాడికి సముద్రం చూపించాలని నా ఆరాటం. తీరా వెళ్తే వాడు అలలకి వీపు పెట్టి కూర్చుని, తడి ఇసుకలో బుల్లి పీతల బొరియలు వెతికాడు గంటసేపు. 'ఇటు చూడు నాన్నా, సముద్రం' అంటే ఒక్కసారి తల తిప్పి, 'నీల్లు' అని మళ్లీ పీతల పనిలో పడ్డాడు. రెండు గంటలు కారులో వెళ్లింది దీనికోసమా అని ముందు ఉసూరుమనిపించింది. వచ్చేటప్పుడు బందరు లడ్డూ కొని, ఒళ్లో నిద్రపోతున్న వాణ్ని చూస్తూ ఉంటే అనిపించింది... వాడికి బాగానే ఉంది కదా, దిగులంతా నాదే. వారం మొత్తం లేని లోటుని ఒక్కపూటలో సముద్రమంత చూపించి తీర్చేద్దామని నా తాపత్రయం!

అప్పట్నుంచి 'చూపించడం' తగ్గించాను. వాడి వెనక నడవడం మొదలుపెట్టాను.

ష్... తాత బజ్జున్నాడు!

అలా నడిచిన మొదటి చోటు ఉండవల్లి. బ్యారేజీ దాటి తాడేపల్లి వైపు తిరిగితే కాసేపట్లో చేరిపోతాం. కొండనే తొలిచి కట్టిన నాలుగంతస్తుల గుహాలయం. పొద్దున్నే వెళ్తే ఎండా ఉండదు, జనమూ ఉండరు. వాడికి మెట్లంటే పిచ్చి. ఒక మెట్టెక్కి, ఆగి, చీమని పలకరించి, ఇంకో మెట్టు. తొందరేముంది, మేమూ ఆగాం.

పైన చీకటి గదిలో అనంతపద్మనాభస్వామి ఉంటాడు. రాతిలోనే మలిచిన నిలువెత్తు విగ్రహం కాదు... పడుకున్న విగ్రహం. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూపు ఆనదు. మావాడు గుమ్మంలోనే టక్కున ఆగిపోయాడు. వేలు పెదాల మీద పెట్టుకుని 'ష్...' అన్నాడు. నా మెడ కిందకి వంచి చెవిలో చెప్పాడు: 'తాత బజ్జున్నాడు'.

ఇప్పటిదాకా వాడి గుసగుసలన్నీ నాయనమ్మ చెవికే. నా చెవిలో చెప్పిన మొదటి రహస్యం అదే. బయటికొచ్చేదాకా ముగ్గురం మునివేళ్ల మీదే నడిచాం.

ఒకటి, రెండు, మూడు... మళ్లీ ఒకటి

ఇప్పుడు మా ఆదివారాలన్నీ దాదాపు ఒకేచోట తెల్లవారుతున్నాయి. ప్రకాశం బ్యారేజీ మీద. చిన్నప్పుడు నాన్న నన్ను స్కూటరు ముందు నిలబెట్టుకుని తీసుకెళ్లిన దారే. రోజూ ఆఫీసు హడావిడిలో దాటే వంతెనే. నడిచి మాత్రం ఎన్నేళ్లయిందో.

ఇక్కడ 1850ల్లో ఆంగ్లేయుల కాలంలో కట్టిన పాత ఆనకట్ట ఉండేది. 1952లో దానికి గండి పడటంతో కొత్తది కట్టారు. 1957కి పూర్తయింది. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. బెజవాడ నడిమధ్య పారే బందరు, ఏలూరు, రైవస్ కాలవలకి నీళ్లు ఇక్కణ్నుంచే. డెల్టా అన్నం తినేదంతా ఈ గేట్ల చలవే. పొడవు 1,223 మీటర్లు. గేట్లు 70.

మావాడికి వీటిలో ఒక్క విషయమే ముఖ్యం... గేట్లు. వాడికొచ్చిన అంకెలు మూడే. అందుకని కాలిబాట మీద నడుస్తూ 'ఒకటి, రెండు, మూడు' అని లెక్కపెడతాడు. నాలుగోదాని దగ్గరికి రాగానే మళ్లీ 'ఒకటి'! ఆ లెక్కన మొత్తం గేట్లు ఇరవై మూడు సార్లు మూడు, పైన ఒకటి.

2024 సెప్టెంబరు మొదట్లో ఇక్కడే 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోటెత్తింది. బ్యారేజీ చరిత్రలో అదే రికార్డు. ఒకవైపు బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మరోవైపు కొట్టుకొచ్చిన పడవలు 67, 68, 69 గేట్ల దగ్గర ఢీకొట్టాయి. అప్పటికి వీడికి నడక కూడా సరిగ్గా రాలేదు. టీవీ ముందు కూర్చుని గేట్ల వంక గుడ్లప్పగించి చూసిన రోజులవి. మావాడి లెక్కలో ఆ మూడు గేట్లూ కూడా... ఒకటి, రెండు, మూడే! నవ్వొస్తుంది. అంతలోనే వాడి చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాను.

పెద్దవాళ్లం పావుగంటలో దాటే వంతెన. మేం ముక్కాలుగంట నడిచినా సగం కూడా దాటం. నీటికాకి కనిపిస్తే ఆగాలి. కింద పడవ పోతే దానికి టాటా చెప్పాలి. వెనక్కి తిరిగితే ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి కనిపిస్తుంది, దానికో దణ్ణం పెట్టాలి. డెబ్బయ్యో గేటుని ఇంతవరకూ చేరలేదు. చేరాలన్న తొందర కూడా లేదు.

బయల్దేరే ముందు...

మీ ఇంట్లోనూ ఇలాంటి బుడతడుంటే, మేం పడుతూ లేస్తూ నేర్చుకున్నవి నాలుగు మాటలు.

* మన ఊరి ఎండ సంగతి మరవొద్దు. పొద్దున తొమ్మిదిలోపు, లేదంటే సాయంత్రం నాలుగున్నర తర్వాతే. వేసవిలో మధ్యాహ్నం గడప దాటొద్దు.

* ఒక ఆదివారానికి ఒక్కచోటు చాలు. రెండోది పెట్టుకుంటే మొదటిదీ పాడవుతుంది.

* మీరు ఎక్కడ తిన్నా వాడి పెరుగన్నం డబ్బా మీ సంచిలో ఉండాలి. రెండు జతల బట్టలు, మంచినీళ్లు సరేసరి.

* నదికి వరదొస్తే ద్వీపానికి పడవలు ఆపేస్తారు. ముందే కనుక్కుని బయల్దేరండి. పిల్లలకు సరిపోయే లైఫ్ జాకెట్ ఇస్తేనే పడవెక్కండి.

* మంగినపూడిలో అలలు చిన్నవే కదా అని పిల్లల్ని వదిలేయొద్దు. బ్యారేజీ మీదా అంతే, చెయ్యి వదలొద్దు.

* పక్షులంటే ఇష్టపడే పిల్లలైతే చలికాలంలో కైకలూరు దగ్గర ఆటపాక వెళ్లొచ్చు. కొల్లేటి గూడబాతులు గూళ్లలో పిల్లల్ని సాకుతూ కనిపిస్తాయి.

మొన్నటి ఆదివారం కూడా కాఫీ గ్లాసుతో బాల్కనీలో కూర్చున్నా. లోపల బుడిబుడి అడుగుల చప్పుడు. ఏదో ఈడ్చుకొస్తున్న శబ్దం. హ్యాండుబ్యాగేనేమో అని గుండె కాస్త ఝల్లుమంది.

తెచ్చింది చెప్పులు. ఎడమచేతిలో నావి, కుడిచేతిలో వాడివి.

'అమ్మా... గేట్లు' అన్నాడు.

కాఫీ సగంలోనే వదిలేసి లేచాను.