రెండు వేళ్ల కొసలు

మా చిన్నోడు టోనీ అయోమీ రాసుకున్న ‘ఐరన్ మ్యాన్’ తెచ్చి, రాత్రిపూట నాకు తెలుగులో చెప్పిండు. ఆ బ్లాక్ సబ్బత్ మోత నాకెక్కదు, సాంచల మోతే చాలు. కానీ ఆయన బర్మింగ్‌హామ్‌లో రేకుల కార్ఖానా పనివాడు. 17 ఏండ్లకు, పని మానే ఆఖరి రోజునే, కుడిచేతి రెండు వేళ్ల కొసలు మిషన్‌లో పోయినయి. ఎడమచేతివాటం మనిషి, గిటారు తీగలు నొక్కేది ఆ వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు టోపీలు చేసుకున్నడు, సన్న తీగలు కట్టుకున్నడు. 1968లో దోస్తులతోటి బ్యాండు పెట్టిండు.

నా చూపుడువేలు సాంచ తిన్నది. సేటు మనిషి వచ్చి సంతకం తీసుకపోయిండు, పైసలు రాలే. ఆనాటి నుంచి భజనకు పోలే.

“మరి హార్మోనియం ఎందుకు ముట్టవు నాయినా?” అన్నడు.

అటక మీదికెళ్లి దింపించిన. తిత్తి ఎలుకలు కొట్టినయి.