చుట్టిల్లు

ఉప్పుపంటకు ప్రసిద్ధికెక్కిన నౌపడ సముద్రమునకు చేరువనున్నది. ఇచ్చట గాలి ఒకనాడు చల్లగా వీచును. వేరొకనాడు తుపానై విరుచుకుపడును. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను కొబ్బరితోటలనే కూల్చివేసినది. అట్టి గాలికి దారి యిచ్చి నిలుచుటకు పూర్వులు కనుగొన్న ఉపాయమే చుట్టిల్లు.

దీని మట్టిగోడ గుండ్రముగా నుండును. మూలలు లేనందున గాలి పట్టు చిక్కక చుట్టును జారిపోవును. తాటివాసములు నడినెత్తిన కలిసికొనును. వానిపై తాటాకు కప్పుదురు. చూరు మిక్కిలి క్రిందికి దిగియుండుటచే వాన గోడను కోయదు. లోనికి పోవువాడు, ఎంతటివాడైనను, తల వంచవలసినదే!

ఈ నేర్పు మనకే పరిమితము కాదు. ఇంగ్లండు పల్లెలలో పూర్వము ఓకు కఱ్ఱలను కొయ్యమేకులతో బిగించి చట్రము నిలిపి, నడుమ తడికలల్లి మట్టి మెత్తిరి. అచ్చట ఓకు, ఇచ్చట తాడి. చేరువ దొరికినదే ఇల్లయినది. అట్టి ఇండ్లలో పెక్కింటిని వారు చట్టముచే కాపాడుకొనుచున్నారు.

తాటాకు నిప్పునకు లోబడును. కొన్నియేండ్లకొకసారి మరల కప్పవలయును. కనుక పేదవాడు గట్టికప్పును కోరుట తప్పు కాదు. కాని చుట్టిల్లు కట్టు చేతులతోపాటు ఆ తెలివియు అంతరించినచో, ఆ నష్టము ఏ తుపాను నష్టమునకును తీసిపోదు.