పుట్టింటి పోటు, మెట్టినింటి పోటు

ప్రతి నెలయు తొమ్మిదవ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములయందు గర్భిణీ స్త్రీలకు ప్రత్యేకముగా వైద్యపరీక్షలు జరుపు ఏర్పాటు 2016వ సంవత్సరమునుండి దేశమంతటను అమలునందున్నది. అట్టి యొక తొమ్మిదవ తేదీన, శ్రీకాకుళము జిల్లా నరసన్నపేటకు అనతిదూరమున నున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అచ్చటి వైద్యురాలి అనుమతి గైకొని నేను పోయితిని. గర్భకాలమున రక్తపోటు హెచ్చు వ్యాధి కొన్ని యిండ్లలో తల్లి వెనుక కూతురికి, అక్క వెనుక చెల్లెలికి సంక్రమించుచున్నదని పల్లెలలోని పెద్ద ముత్తైదువలు చెప్పు మాటకును, జన్యుశాస్త్రజ్ఞులు నేడు చెప్పుచున్న మాటకును ఎంత పొత్తు గలదో స్వయముగా విచారింపవలెననియే నా కోరిక.

వసారాలో బల్లలపై కూర్చున్నవారిలో తొలిచూలు స్త్రీలే హెచ్చు. ఒకరి ప్రక్కన తల్లి, ఒకరి ప్రక్కన అత్తగారు, ఎవరును లేనివారికి ఆశా కార్యకర్త తోడు. నర్సమ్మ పోటు చూచు తీరును నేను దగ్గరనే నిలుచుండి పరిశీలించితిని. ఎండలో నడిచివచ్చిన గర్భిణికి వెంటనే పట్టీ బిగించక, కొంతసేపు ఊరకే కూర్చుండబెట్టి, వీపు కుర్చీకి చేరగిలునట్లును పాదములు నేలకు ఆనునట్లును సవరించి, చేతిని బల్లపై గుండె మట్టమునకు చేర్చి, మాటలాడవద్దని కనుసైగ చేసి, అప్పుడు గాని ఆమె గాలి కొట్టదు. పైయంకె 140 గాని క్రిందియంకె 90 గాని దాటినచో కొంత వ్యవధి నిచ్చి మరల చూచును. ఆపైన మూత్రపరీక్ష. పూర్వము గాజుగొట్టములో మూత్రము పోసి, పైభాగమును దీపముపై కాచి, అది తెల్లగా మసకబారి ఆమ్లపు చుక్క వేసినను విరియకున్నచో ఆల్బుమిన్ పోవుచున్నదని నిర్ణయించెడివారు. ఇప్పుడు పసుపువన్నె కాగితపు పుల్ల ముంచగా అది ఆకుపచ్చకు తిరుగుటయే గుర్తు. ఇరువది వారములు నిండిన పిమ్మట పోటు ఇట్లు హెచ్చి, దానితో మూత్రమున మాంసకృత్తు కూడ పోవుచున్నచో, అదియే వైద్యులు ప్రీ ఎక్లాంప్సియా అను వ్యాధి. అది ముదిరి మూర్ఛలు వచ్చినచో మన పెద్దలు గుర్రపువాతము అందురు.

ఆ నర్సమ్మ యడుగు ప్రశ్నలలో ఒకటి నన్ను విశేషముగా ఆకర్షించినది. ఐదవ నెల గర్భిణి యొకతె కూర్చుండగా, ఆమె తల్లివైపు తిరిగి, “ఏటమ్మా, ఈ పిల్ల కడుపునున్నప్పుడు నీకు కాళ్లు పొంగినాయా? బీపీ అన్నారా?” అని అడిగినది.

“నాకేటీ అవలేదమ్మా. మా సెల్లికి మాత్రం ఎనిమిదో నెల్లో ఫిట్సు వొచ్చీసినాయి. విశాఖపట్నం తోలుకెళ్లిపోనారు. తల్లి దక్కింది, పిల్ల దక్కలేదు.”

“మరి మీ వియ్యపురాలికో?”

“ఆవిడ మా ఆడపడుచేనమ్మా. ఆవిడకీ తొలికానుపుకి బీపీ వొచ్చి ఏడో నెలకే పురుడొచ్చీసింది. ఆ పుట్టినోడే మా అల్లుడు.”

నర్సమ్మ మారు మాటాడక కార్డు అంచున “పిన్నికి ఫిట్సు, అత్తకు బీపీ, మేనరికం” అని ఎర్రసిరాతో వ్రాసి, ఆ కార్డును వైద్యురాలి బల్లపై వేరుగా పెట్టినది. ఆ మూడు మాటలలో నిమిడియున్నంత జన్యుశాస్త్రము పెక్కు గ్రంథపుటలలో నుండదు.

ఇక శాస్త్రజ్ఞుల మాట. అమెరికాలో జెర్సీ సిటీయందలి మార్గరెట్ హేగ్ ప్రసూతి వైద్యాలయమున లియాన్ చెస్లీ అను పరిశోధకుడు, 1931 మొదలు 1951 వరకు అచ్చట గుర్రపువాతము వచ్చి బ్రతికి బయటపడిన స్త్రీలను దశాబ్దముల తరబడి విడువక కనిపెట్టియుండి, వారి కూతుండ్రను కోడండ్రను గూడ విచారించెను. కూతుండ్రలో ఇంచుమించు నాల్గవవంతుమంది గర్భకాలమున ఈ వ్యాధికి లోనైరి. కోడండ్రలో పదవవంతుమందియైనను కారు. కోడలు పరాయి రక్తము గనుక ఆమెను ప్రమాణముగా నిలిపి కూతురిని తూచుట ఆయన పద్ధతి. తూకము సరియైనదే గాని, మన శ్రీకాకుళ విజయనగర సీమలలో దానిని వాడుట యెట్లు? ఇచ్చట కోడలు తరచుగా అన్న కూతురు. అల్లుడు తరచుగా తమ్ముడు. నేను చూచిన ఆ గర్భిణికి అత్తగారు మేనత్తయే. అనగా ఆ మేనత్తకును ఆమె అన్నగారికిని ఉమ్మడియైన వంశధనము, భర్త ద్వారా ఒకమారును భార్య ద్వారా మరియొకమారును, ఆ గర్భస్థశిశువునకు చేరు అవకాశము గలదు. మేనరికము వలన ఈ వ్యాధి హెచ్చునని కొన్ని దేశముల పరిశోధనలును, హెచ్చదని మరికొన్నియు చెప్పుచున్నవి గనుక మేనరికమునే దోషిగా నిలుపుట నా యుద్దేశము కాదు. ఇట్టి యిండ్లలో పుట్టింటి చరిత్రము, మెట్టినింటి చరిత్రము అని రెండు వేరు చరిత్రములు లేవనియు, రెండింటిని అడిగి తీరవలెననియు మాత్రమే చెప్పుచున్నాను.

మెట్టినింటి చరిత్ర మేల యనువారికి సమాధానము విజయనగరము ఘోషా ఆసుపత్రిలో నాకు లభించినది. కానుపుల గది ప్రక్కన, వెలుతురు తగ్గించిన యొక గదిలో, పోటు 160 దాటిన యువతికి మెగ్నీషియం సల్ఫేటు నడచుచుండెను. తదుపరి మోతాదు ఇచ్చుటకు ముందు నర్సు చిన్న సుత్తితో మోకాటి చిప్ప క్రింద తట్టి కాలు ఎగురుచున్నదో లేదో చూచి, ఊపిరులు లెక్కించి, సంచిలోనికి దిగిన మూత్రమును కొలిచి గాని సూది ముట్టలేదు. ఏలయన ఆ మందు మితిమీరినచో ఊపిరినే ఆపగలదు. మితముగా నిచ్చినచో అది మూర్ఛలను సగమునకు పైగా తగ్గించునని పలు దేశములలో జరిగి 2002లో వెలువడిన మాగ్‌పై పరిశోధన నిరూపించినది.

అచ్చటి పెద్ద వైద్యురాలు నాకు ఓపికతో వివరించిన విషయమిది: వ్యాధి తల్లియందు కనిపించునే గాని దాని పుట్టుక గర్భములోని మాయయందు. మాయ సరిగా వేళ్లూనినచో గర్భాశయపు రక్తనాళములు వెడల్పయి శిశువునకు పుష్కలముగా రక్తమందును. ఊననిచో ఆ నాళములు ఇరుకుగనే నిలిచి, రక్తము చాలని మాయ ఎస్‌ఫ్లిట్-1 అను పదార్థమును తల్లి రక్తములోనికి అమితముగా విడుచును. ఆ పదార్థము నాళముల లోపొరకు పోషణమిచ్చు ద్రవ్యములను పట్టి బంధించుటచే పోటు హెచ్చును, మూత్రపిండములు మాంసకృత్తును జారవిడుచును. ఈ రహస్యమును 2003లో వెలువరించిన బోస్టను పరిశోధకులలో ముఖ్యుడు భారత సంతతివాడైన అనంత్ కరుమంచి. ఆ పదార్థమునకు మూలమైన జన్యువు పదమూడవ క్రోమోజోముపై నున్నది. ఆ క్రోమోజోము రెండింటికి బదులు మూడు గల శిశువును మోయు తల్లులకు ఈ వ్యాధి అధికముగా వచ్చుటయు అందులకే. 2017లో యూరోపీయ పరిశోధకులు వేలకొలది శిశువుల జన్యువులను పరీక్షింపగా, ఆ జన్యువు చెంతనే, తల్లిలో గాక శిశువులో నున్న భేదము ఈ వ్యాధితో ముడివడియున్నట్లు తేలినది.

మాయ యనునది తల్లి సొత్తు కాదు. శిశువుతోపాటు అదియు సగము తండ్రిదే. ఒక స్త్రీయందు ఈ వ్యాధికి హేతువైన గర్భమునకు తండ్రియైన పురుషుడు వేరొక స్త్రీని గూడినచో ఆమెకును ముప్పు ఇంచుమించు రెండింతలగునని నార్వే దేశపు జనన పట్టికలనుండి 1998లో తేల్చిరి. ఇట్టి గర్భమున జన్మించిన పురుషుని భార్యకును ముప్పు హెచ్చని అమెరికాలోని యూటా రాష్ట్రపు పరిశోధకులు 2001లో చూపిరి. నరసన్నపేట దాపున నేను వినిన “ఆ పుట్టినోడే మా అల్లుడు” అను మాట ఇట్టి ముప్పునకు అచ్చమైన సాక్ష్యము.

అయినను, ఒక జన్యువు చెడుటచే వచ్చు వ్యాధి కాదిది. 2023లో వెలువడిన పెద్ద పరిశోధన గర్భకాలపు పోటుకు సంబంధించిన 18 జన్యుస్థానములను గుర్తించినది. వానిలో పెక్కు సామాన్యమైన రక్తపోటుకు సంబంధించినవే. మన తీరమున అలివి వల లాగునప్పుడు ఒక్కొక్కని బలము స్వల్పమే. చేతులన్నియు కలిసినప్పుడే వల ఒడ్డెక్కును. ఈ జన్యువుల పనియు నట్టిదే. వానితోపాటు తొలిచూలు, కవలలు, మధుమేహము, స్థూలకాయము కూడ తమ చేయి వేయును.

ఈ సందర్భమున శ్రీకాకుళము జిల్లాయందలి ఉద్దాన ప్రాంతమును తలపకుండుట న్యాయము కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలముల కొబ్బరి జీడి తోటల నడుమ నేను పోవునప్పుడు, ప్రతి పల్లెలోను మూత్రపిండముల వ్యాధి తగిలిన యిల్లు కనబడినది. పలువురు శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి శోధించినను దాని మూలకారణము తేలలేదు. పలాసలో మూత్రపిండ పరిశోధన కేంద్రమును 200 పడకల ఆసుపత్రియు 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. మూత్రపిండములు ముందే నలిగిన స్త్రీ గర్భము దాల్చినచో పోటు వ్యాధి ముప్పు పెక్కు రెట్లు హెచ్చును. పైగా ఆ నలుగుట బయటికి కనిపించదు. కనుక ఉద్దానపు కోడలికి మూడవ నెల దాటకముందే రక్తమున క్రియాటినిన్ చూచుట ఇతర ప్రాంతములకన్న ఎంతయో అవసరమని నా దృఢమైన అభిప్రాయము.

మరియొక లోటు కలదు. ఇంతవరకు జరిగిన ఈ పెద్ద జన్యుపరిశోధనలలో సింహభాగము యూరోపీయ సంతతివారిపైననే జరిగినది. తరతరములుగా తమలో తామే వియ్యమందిన దక్షిణాసియా జనసమూహములలో ఆయా కులమునకే ప్రత్యేకమైన వ్యాధిజన్యువులు నిలిచియుండవచ్చునని హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు భాగస్వాములుగా 2017లో వెలువడిన పరిశోధన ఎత్తిచూపినది. శస్త్రచికిత్సలో మత్తుమందుతోపాటు కండరములను సడలించుటకు వాడు మందు కొందరు వైశ్యుల శరీరమున తొందరగా విరుగకుండుట అందు చూపిన దృష్టాంతము. తూర్పుకాపులు, కొప్పుల వెలమలు, కాళింగులు, మత్స్యకారులు, సవరలు, జాతాపులు నివసించు ఈ రెండు సీమలలో గర్భిణుల రక్తమును, మాయను, కుటుంబ చరిత్రమును కలిపి శ్రద్ధగా సేకరించినచో, ఐరోపా పట్టికలలో కనబడనిది ఇచ్చట కనబడవచ్చును. విజయనగరమున 2023లోనే ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. శ్రీకాకుళమున అంతకు పూర్వమే కలదు. ఈ పని వారు తలకెత్తుకొనదగినది.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. ముప్పు గలదని ముందే గుర్తించినవారికి పదునారవ వారము లోపల స్వల్పమోతాదు ఆస్పిరిన్ ఆరంభించినచో, నెలలు నిండకముందే ముంచుకొనివచ్చు తీవ్రమైన వ్యాధి సగమునకు పైగా తగ్గునని ప్రధానముగా ఐరోపాలో జరిగి 2017లో వెలువడిన యాస్ప్రె పరిశోధన తెలిపినది. రోజుకు ఐదువందల మిల్లీగ్రాముల కాల్షియము ఈ వ్యాధిని నివారించుటలో పదునైదువందలకు తీసిపోదని బెంగుళూరు, టాంజానియాలలో జరిగిన పరిశోధన 2024లో తేల్చినది. రెండును కారుచౌక మాత్రలు. కాని వైద్యుడు ఆస్పిరిన్ వ్రాయుటకు ముప్పు ఎవరికి గలదో తెలియవలెను గదా! ఏడవ నెలలో కాళ్లు పొంగిన పిమ్మట చెప్పిన కుటుంబ చరిత్రము ఆ మాత్రకు పనికిరాదు.

మన యిండ్లలో దీనిని దాచుట కలదు. “మా అమ్మాయి రక్తం మంచిది కాదంటారేమో” అని పుట్టింటివారును, “మా వంశంలో లేదు” అని మెట్టినింటివారును మాట దాటవేయుదురు. తుదకు నింద పడునది నిండుచూలాలిపై. తాను ఎంచుకొనని జన్యువులకు, అందులో సగము భర్త తెచ్చినవానికి, ఆమె నపరాధినిగా చూచుట ఘోరమైన అన్యాయము.

కావున ఈ వ్యాసము చదువు తల్లులకు, అత్తలకు, వియ్యపురాండ్రకు నా విన్నపము: మీ యింట ఒక అమ్మాయి నెల తప్పినదని తెలిసిన వారములోనే, మీకు గాని మీ అక్కచెల్లెండ్రకు గాని ఆమె భర్త పుట్టినప్పుడు గాని బీపీ వచ్చినదా, మూర్ఛలు వచ్చినవా, నెలలు నిండక ముందే పురుడు వచ్చినదా అన్నది నర్సమ్మ అడిగినను అడుగకున్నను మీరే చెప్పి, కార్డుపై వ్రాయించుడు.