స్టార్ట్ కుడిపక్కన

మా ఇంటికి కంప్యూటర్ పులి బొమ్మ దుప్పట్లో చుట్టుకుని వచ్చింది. 2004 మే నెల. కంప్యూటర్ ముఖ్యమంత్రి అని పేరుపడ్డాయన ఓడిపోయిన నెలలోనే మా వీధికి మొదటి కంప్యూటర్ దిగిందని మా బాబాయ్ చాన్నాళ్ళు నవ్వుకున్నాడు. మాది రాజోలు దాటి మలికిపురం వెళ్ళే దారిలో ఒక ఊరు. కువైట్ కార్గో పెట్టె, అట్ట మీద నల్ల ఇంకుతో నాన్న పేరు, అందులో రెండు అక్షరాలు తప్పు. లోపల పాలపొడి డబ్బాలు, టాంగ్, నొప్పుల మందు సీసాలు, అత్తయ్యలకి సబ్బులు, వాటి మధ్యన ఆ దుప్పటి. విప్పితే సీపీయూ, కీబోర్డు. మానిటర్ లేదు. కిలోకింతని కట్టాలి గదా, అంత గాజు బరువుకి అమ్మ దగ్గర డబ్బులు చాలి ఉండవు.

అమ్మ అక్కడ ఒకరింట్లో పనికి కుదిరి అప్పటికి నాలుగేళ్ళు. వాళ్ళు కొత్తది కొనుక్కుని ఇది పారేస్తుంటే అడిగి తీసుకుందట. మావాడు కంప్యూటర్ చదువుతున్నాడని అరబ్బీలో ఎలా చెప్పిందో నేనెప్పుడూ అడగలేదు. చదువుతున్నానంటే అమలాపురంలో బీయస్సీ కంప్యూటర్స్. ల్యాబులో ముగ్గురికి ఒక కంప్యూటర్, ఆ ముగ్గురిలో మౌసు ఎప్పుడూ నా చేతికి రాదు.

మానిటర్ అమలాపురంలో పాతది కొన్నాం. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో గన్నవరం అక్విడక్టు మీదుగా తీసుకొచ్చాను. అప్పటికి బోడసకుర్రు దగ్గర వంతెన లేదు, పంటు ఎక్కించాలంటే భయం. ఇంటికొచ్చి కరెంటు ఇవ్వగానే వెనకున్న ఫ్యాను తిరిగి గదంతా ఒక వాసన వదిలింది. మన సాంబ్రాణి కాదు. అమ్మ సెలవుకి వచ్చినప్పుడు బట్టలసంచీ తెరిస్తే వచ్చేది. దాన్ని ఊదు అంటారని తర్వాత తెలిసింది. అటక మీద కురిడీ కొబ్బరి వాసన తప్ప ఇంకోటి ఎరగని ఇల్లు మాది. అమ్మమ్మ లేచొచ్చి ఫ్యాను దగ్గర మొహం పెట్టి కాసేపు కూర్చుంది. నేను విసుక్కున్నాను. గాలాడదు, జరగమన్నాను. ఆ వాసన వారం ఉందో పది రోజులుందో గుర్తులేదు.

తెర వెలిగాక అసలు సంగతి బయటపడింది. స్టార్ట్ బొత్తాం కుడిపక్క మూల ఉంది, గడియారం ఎడమపక్క ఉంది. అద్దంలో చూస్తున్నట్టు. అది విండోస్ 98 అరబ్బీ. వాళ్ళు కుడి నుంచి ఎడమకి రాస్తారు గనక తెరంతా అలాగే తిప్పి కట్టారు. అక్షరాలు ఒక్కటీ తెలీదు. కాలేజీలో ఏ బొత్తాం కింద ఏముంటుందో బట్టీ పట్టిన చేతులు ఇక్కడ ప్రతిదానికీ తప్పు మూలకి వెళ్ళేవి. ఫోల్డర్లు రెండు మూడు తెరిచి చూశాను. ఒకదాంట్లో ఎవరో పిల్లలు, కేకు. మూసేశాను.

మనకి చదవడం రాని కంప్యూటర్ మనదెలా అవుతుంది? దీన్ని తీసేసి ఇంగ్లీషుది వెయ్యాలి. అంతే, అంతకంటే ఆలోచించలేదు.

మిషన్ వైభవం ఇది: 500 మెగాహెర్ట్జ్ సెలెరాన్, 64 ఎంబీ ర్యామ్, 10 జీబీ డిస్కు. విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 ఉండాలి, 128 ఉంటే మంచిదని మైక్రోసాఫ్టు వాళ్ళే రాశారు. మాది సరిగ్గా గుమ్మం మీద నిలబడి ఉంది. పైగా బోర్డు మీదున్న గ్రాఫిక్స్ చిప్‌కి సొంత మెమొరీ లేదు, ఆ 64 లోంచే తన వాటా పట్టుకుపోయేది. స్నేహితుడి దగ్గర తెచ్చిన సీడీ, దాని పుట్టుక అడక్కండి, ఆ రోజుల్లో అందరివీ అవే. పెట్టాను. ఇంకా 39 నిమిషాలు పడుతుందని తెర మీద రాసింది. 38, 37. 34 దగ్గర నిలబడిపోయింది. అరగంట చూశాను, గంట చూశాను. అమ్మమ్మ భోజనానికి పిలిచింది, ముప్పైనాలుగులోనే ఉంది. ఆపి మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అక్కడే. మూడోసారి 34 వచ్చేసరికి నేనే కళ్ళు మూసుకున్నాను.

సాయంత్రమైతే మా ఊళ్ళో వోల్టేజీ పడిపోయేది. తెర మీద బొమ్మ నాలుగు పక్కలా ముడుచుకుని మధ్యలోకి వచ్చేది. టీవీ స్టెబిలైజర్ పీకి దీనికి పెడితే సీరియల్ పోయిందని ఇంట్లో గొడవ. అందుకని ఇన్‌స్టలేషన్లన్నీ అర్ధరాత్రి మొదలెట్టేవాణ్ణి. అప్పుడు మోటార్లు ఆగి కరెంటు తిన్నగా వచ్చేది. కప్పలు అరుస్తుంటే, దోమల చక్రం వెలుగుతుంటే, ఒక నీలం తెర.

ఒక సీనియర్ రెడ్‌హ్యాట్ లినక్స్ 9 ఇచ్చాడు, మూడు సీడీలు. "పాత మిషన్ల మీద ఇదే ఎక్కుద్ది, నీ తిప్పలు నువ్వు పడు" అన్నాడు. మామూలుగా పెడితే 64 ఎంబీ చాలదు, బొమ్మల ఇన్‌స్టాలర్ రాదు. బూట్ అని అడిగిన చోట 'లినక్స్ టెక్స్ట్' అని కొట్టాలి. కొడితే నీలం తెర, బూడిదరంగు పెట్టెలు, మౌసు లేదు, ట్యాబ్ నొక్కుతూ వెళ్ళాలి. డిస్కు దగ్గరికొచ్చాక అడిగింది: ఉన్న లినక్స్ భాగాలు మాత్రం తీసెయ్యాలా, ఉన్నవన్నీ తీసెయ్యాలా, దేన్నీ ముట్టుకోకుండా ఖాళీ జాగాలో వెయ్యాలా. రెండోది నొక్కాను. ఖాయమేనా అని ఇంకోసారి అడిగింది. ఖాయమే అన్నాను. రాత్రి ఒంటిగంట ఉంటుంది. అంత తొందరగా నేను మరే జవాబూ చెప్పలేదు.

ఆ తర్వాత నూట యాభయ్యో ప్యాకేజీ దగ్గర ఆగిపోయింది. అసాధారణంగా ముగిసింది, సిగ్నల్ 11 అందింది అని ఇంగ్లీషులో ఒక ముక్క. మళ్ళీ పెడితే మూడొందల దగ్గర. మళ్ళీ పెడితే ముప్పై దగ్గర. సీడీ గీతలు పడిందనుకుని పంచె కొంగుతో తుడిచాను, అరటాకుతో తుడిస్తే గీతలు పోతాయని ఎవరో అంటే అదీ చేశాను. ఇప్పుడు విండోస్ లేదు, లినక్స్ లేదు. కువైట్ నుంచి వచ్చిన రేకు పెట్టె ఒకటి ఉంది. అమ్మమ్మ దుమ్ము పడకుండా దాని మీద అమ్మ పాత చీర కప్పేది. ఫ్యానుకి గాలాడదని నేను తీసేసేవాణ్ణి.

అమలాపురం గడియార స్తంభం దగ్గర నెట్ సెంటర్లో గంటకి 20 రూపాయలు పోసి వెతికితే తెలిసింది. ప్రతిసారీ ఒకేచోట ఆగితే తప్పు సీడీది, ప్రతిసారీ వేరే చోట ఆగితే తప్పు ర్యామ్‌ది. జ్ఞాపకం సరిగా లేని మనిషిలాగ, ఒకచోట రాసుకున్నది తర్వాత చూసుకుంటే ఇంకోలా కనిపించడం. ర్యామ్ కొనడానికి డబ్బుల్లేవు. రాజోలు సెంటర్లో టీవీలు, టేపురికార్డర్లు బాగుచేసే ఒకాయన కొట్టుకి పట్టుకెళ్ళాను. సీసం, మాడిన వైరు కలిసిన వాసన ఆ కొట్టుది. ఆయన కంప్యూటర్ ఎప్పుడూ విప్పలేదు. మరలు తీసి పక్క రేకు ఊడదీసి వంచేసరికి లోపల్నించి ఇసక జారింది. మన గోదావరి ఇసకలా గరుగ్గా లేదు. గోధుమపిండిలా మెత్తగా, లేత పసుపు. బల్ల మీద చిన్న కుప్ప అయ్యింది.

"ఇదెక్కడి ఇసకండీ బాబూ?"

"కువైట్‌దండి."

"ఆయ్" అని ఊది పారేశాడు.

తర్వాత ర్యామ్ ముక్క పీకి వెలుగులో పట్టుకున్నాడు. బంగారురంగు గీతలుండాల్సిన చోట నల్లగా, మురికి ఆకుపచ్చగా పొర. "సముద్రపు గాలండి. మనవైపు ఇత్తడి బిందెలే వారంలో నల్లబడిపోతాయి, దీనికెంత?" అని కొడుకు బడిసంచీలోంచి నటరాజ్ రబ్బరు తీశాడు. పెన్సిల్ గీత చెరిపినట్టు పైనుంచి కిందకి, ఒకే వరసన, నిమ్మళంగా రుద్దాడు. నల్లటి రబ్బరు పొట్టు రాలింది, గీతలు మెరిశాయి. ఉఫ్‌మని ఊది గాడిలో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. టక్‌మంది. డబ్బులొద్దన్నాడు. "అమ్మగారు ఫోన్ చేస్తే మాకో టార్చిలైటు పంపమని చెప్పండి" అన్నాడు. చెప్పానో లేదో తెలీదు. చెప్పలేదనే అనుకుంటాను.

ఆ రాత్రి మూడు సీడీలూ వరసగా ఎక్కాయి. ఎక్స్‌పీ మళ్ళీ పెట్టి చూసుండొచ్చు, కానీ అప్పటికి నాకు లినక్స్ పొగరు ఎక్కేసింది, వెనక్కి వెళ్ళలేదు. బొమ్మల తెర రాలేదు, అడ్డగీతలు. కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి డ్రైవర్ పేరు ఉన్నచోట 'వెసా' అని మారిస్తే వచ్చింది, పెద్ద పెద్ద అక్షరాలతో, వెలిసిన రంగుల్తో. వచ్చింది చాలు.

మిగిలింది మోడెమ్. అందులో ఉన్నది విన్‌మోడెమ్ అనే రకం. చవగ్గా ఉండాలని సగం పని చేసే చిప్పు తీసేసి, ఆ పని విండోస్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ మీద పడేశారు. లినక్స్‌లో అది ఉత్త రేకు. డ్రైవర్ నెట్‌లో దొరుకుతుంది, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు. అమలాపురం వెళ్ళి ఫ్లాపీలో ఎక్కించుకొస్తే ఇంటికొచ్చేసరికి చదవదు. మా తేమకి ఫ్లాపీల లోపల బూజు పట్టేది. ఎన్నిసార్లు తిరిగానో లెక్క పోయింది. మూడో నాలుగో ఫ్లాపీ చదివింది. కెర్నెల్ సోర్స్ కావాలంది, అది సీడీలోనే ఉందని తెలుసుకోడానికి ఇంకో వారం. ఆఖరికి ఒక రాత్రి ఆ పెట్టె గొంతు సవరించుకుని, కీచుమని, గరగరమని, సంచార్‌నెట్‌కి తగులుకుంది. నేను కుర్చీలోంచి లేచి వీధిలోకి వెళ్ళి వచ్చాను. చెప్పడానికి ఎవరూ మెలకువగా లేరు.

ఆ ఫోను గల్ఫ్ డబ్బుతో పెట్టించిందే, అమ్మ మాట్లాడ్డానికి. శుక్రవారం అక్కడ సెలవు, రాత్రి చేసేది. అంతకు ముందేడు మార్చిలో ఇరాక్ యుద్ధం మొదలైనప్పుడు మేమంతా ఆ ఫోను చుట్టూ కూర్చునేవాళ్ళం. "ఇక్కడేం లేదు నాన్నా, కిటికీలకి టేపు అంటించాం" అని మాత్రం చెప్పేది. ఏడాది దాటేసరికి అదే లైను మీద నేను వాల్‌పేపర్లు దింపుకుంటున్నాను. వరసగా రెండు శుక్రవారాలు ఎంగేజ్ వచ్చిందట. మూడో శుక్రవారం దొరికితే అమ్మ నన్నేమీ అనలేదు. "అమ్మమ్మ బావుందా, ఎవరితోరా అంతసేపు?" అంది. నెట్ అన్నాను. "పని చేస్తందా అయితే!" అని సంతోషపడింది.

అమ్మ 2008లో పూర్తిగా వచ్చేసింది. అప్పటికి నేను హైదరాబాదులో ఉద్యోగం. ఆ పెట్టె ఎప్పుడు ఎవరికి ఇచ్చేశామో ఇంట్లో తలో మాట చెప్తారు. కీబోర్డు మాత్రం ఎందుకో మిగిలింది. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమ అంతా నెట్ ఆపేసిన రోజుల్లో నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. చించినాడ వంతెన దాటి అవతల గట్టు మీద ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని సిగ్నల్ కోసం కూర్చుంటే, పక్కన నాలాంటివాళ్ళే ఇంకొందరు. మానిటర్ ఒళ్ళో పెట్టుకొచ్చిన బస్సు గుర్తొచ్చింది.

మొన్న కార్తీకమాసంలో ఊరెళ్ళాను. మా చెల్లి కూతురి ల్యాప్‌టాప్ తొమ్మిదేళ్ళ నాటిది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది, పదకొండు వేద్దామంటే ప్రాసెసర్ పాతదంటుంది. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు, ఇది ఆరోది. లినక్స్ వేస్తానని కూర్చున్నాను. డిస్కంతా చెరిపెయ్యాలా అని అడిగిన చోట ఆపి, పిల్ల ఫైళ్ళన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కిస్తున్నాను. అమ్మ పక్కన చిక్కుడుకాయలు తుంచుతూ తెర వైపు చూస్తోంది.

"బొత్తాం ఎడమపక్కనుందేంట్రా? కుడిపక్కన గదా ఉండాలి."

ఒక్క క్షణం నాకర్థం కాలేదు.

"కువైట్‌లో దానికి కుడిపక్కనే. రోజూ తుడిచి ఆపేదాన్ని గదా. మామా వాళ్ళ చిన్నపిల్ల నేర్పింది." ఇంటావిడని అక్కడ మామా అంటారు.

"నీకా అక్షరాలు వచ్చా అమ్మా?"

"అక్షరాలెక్కడివి, బొమ్మల్లా గుర్తు. ఇది ఆపడం, ఇది ఆటలు, ఇది సువర్."

"సువర్ అంటే?"

"ఫొటోలు. ఆ పిల్ల పుట్టినరోజువి. నీకు పంపుతున్నానంటే, నావి కూడా అందులోనే ఉంచానందిరా, మీ అబ్బాయి చూస్తాడని." చేతిలో కాయ తుంచింది. పురుగుంది, పక్కన పడేసింది. "ఆకుపచ్చ గౌను వేసుకున్నాను. నేను చూసుకోలేదు, అప్పుడు పనిలో ఉన్నాను. ఎలా ఉన్నానురా అందులో?"

పెన్‌డ్రైవు లైటు వెలిగి ఆరుతోంది.

"బావున్నావమ్మా" అన్నాను.