తలుపు మూసిన గది

మా వనపర్తి ప్రక్క పల్లెలో కల్లు త్రాగువాడు నలుగురిలో త్రాగును. ప్రొద్దు గూకకముందే సంఘ పెద్దకు కబురందును. బహ్రెయినులో నాకట్టి పెద్ద లేడు. పాలమూరు కూలీలు బొంబాయికి పోయినట్లే నేను 2014లో గల్ఫుకు పోతిని. సౌదీలో మద్యమును 1952లోనే నిషేధించిరి, బహ్రెయినులో దుకాణములున్నవి. ఇంటి డ్రైవరునగుటచే నాకు మెట్ల క్రింద ఒంటి గది దొరికెను.

మొదట నిద్ర కొరకని త్రాగితిని. పిమ్మట ప్రతి రాత్రియు. ఉదయమున వాసనకు లవంగము నమిలితిని. అక్కడి ఎనిమిది గంటలు మనకు పదిన్నర. నా కూతురు నిద్ర ఆపుకొని ఆదివారపు కంఠత వాక్యమును ఫోనులో ఒప్పజెప్పెడిది. “బాగుంది తల్లీ” అనువాడను. తెల్లవారి అది ఏ వాక్యమో జ్ఞాపకముండెడిది కాదు.

ఆదికాండము తొమ్మిదవ అధ్యాయములో నోవహు త్రాగి పడియుండినది తన గుడారములోనే. జలప్రళయమును దాటినవాడు, ఎవరును చూడని చోట పడెను. ఆ భాగముపై ఎన్నో ప్రసంగములు వింటిని గాని, గుడారమను మాట ఒక రాత్రి ఆ గదిలో నన్ను పట్టుకొనెను. మిగిలినది పారబోసితిని. తరువాత మరి రెండుసార్లు కొంటిని, దాచను.

2019లో ఇల్లు చేరి అమ్మయెదుట ఒప్పుకొంటిని. ఎవరికిని తెలియదనుకొంటిననగా, బియ్యమేరుచున్న అమ్మ తలయెత్తలేదు.

“నాకు తెల్వదా బిడ్డా? మీ నాయన తాగొచ్చిన మాట నలభై ఏండ్లు విన్నదాన్ని. ఫోన్ పెట్టేసినాక రోజూ మోకాళ్ళ మీదనే ఉంటుంటి. పిల్లకు మాత్రం చెప్పలేదు.”