తల మీద ఎవరి చెయ్యి

"మీ పాస్టరు అయ్యగారి తల మీద చెయ్యి పెట్టిందెవరమ్మా? ఆయన తల మీద పెట్టిందెవరు?"

కోట్టయంలో వలియపళ్ళి మెట్లెక్కుతూ మాస్టారు అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మాస్టారు మలయాళీ. గుంటూరులో మాకు లెక్కలు చెప్పి, రిటైరయ్యాక సొంతూరు వెళ్ళిపోయారు. తెలుగు మర్చిపోలేదు.

మా నాన్న వైపు లూథరన్, అమ్మ వైపు బాప్టిస్టు. మిషనరీ హేయర్ దొర 1842లో గుంటూరు వచ్చాడు కాబట్టి మావాళ్ళు లూథరన్లయ్యారు. ఒంగోలుకు అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు కాబట్టి అక్కడివాళ్ళు బాప్టిస్టులయ్యారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ళలో మావాళ్ళూ ఉన్నారని అమ్మమ్మ చెప్పేది. మెదక్ మెథడిస్టులది, దోర్నకల్ ఆంగ్లికన్లది. మన దగ్గర ఊరిపేరు చెబితే సంఘం పేరు దాదాపు చెప్పినట్టే. మిషన్లు జిల్లాలు పంచుకున్నాయి, మనం ఎవరి వాటాలో ఉంటే వాళ్ళమయ్యాం. ఇంట్లో వాదన వస్తే నీళ్ళ గురించే వచ్చేది, చిలకరించాలా ముంచాలా అని. చేతుల సంగతి, అంటే ఎవరు తల మీద చెయ్యి ఉంచితే పాస్టరవుతాడన్నది, ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడ అన్నీ చేతుల దగ్గరే మొదలయ్యాయి.

వలియపళ్ళి అంటే పెద్ద చర్చి. 1550లో కట్టింది. దగ్గర్లోనే చెరియపళ్ళి, చిన్న చర్చి, 1579 నాటిది. మలయాళంలో మసీదునూ పళ్ళి అనే అంటారు. దిగువన మీనచ్చిల్ నది ఒడ్డున, తాళత్తంగాడిలో ఒక పాత మసీదు ఉంది. దారి అడిగితే "ఏ పళ్ళి?" అని ఎదురడుగుతారు. పెద్ద చర్చి క్నానాయ వాళ్ళది. నాలుగో శతాబ్దంలో క్నాయి తొమ్మన్ అనే వర్తకుడు 72 కుటుంబాలతో పశ్చిమాసియా నుంచి వచ్చి దిగాడనీ, తాము ఆ సంతతి అనీ వాళ్ళు చెప్పుకుంటారు. పెళ్ళిళ్ళు తమలో తామే చేసుకుంటారు.

లోపల నేను చూడాలనుకున్నవి రెండు రాళ్ళు. బలిపీఠానికి అటొకటి, ఇటొకటి. రాతి మీద చెక్కిన శిలువలు. క్రీస్తు దేహం లేదు. శిలువ కొసలు మొగ్గల్లా విచ్చుకున్నాయి, పైనుంచి ఒక పక్షి ముక్కు కిందికి పెట్టి దిగుతోంది, అడుగున ఆకులు. చుట్టూ కమానులా చెక్కిన అక్షరాలు పహ్లవీ లిపి. పాతకాలపు పర్షియా రాత, కోట్టయంలో, కొబ్బరిచెట్ల నీడలో! పండితులు దాన్ని రకరకాలుగా చదివారు. చెక్కినవాడి మీద దయ చూపమని క్రీస్తును వేడుకోవడమేనన్నది అందులో ఒక పాఠం. మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ మీద పోర్చుగీసులకు 1547లో దొరికిన శిలువా ఇలాంటిదే.

క్రీ.శ. 52లో అపొస్తలుడైన తోమా కొడుంగల్లూరు దగ్గర దిగాడన్నది వీళ్ళ నమ్మకం. దాని మీద నేను తీర్పు చెప్పను. రాళ్ళు చెప్పేది మాత్రం స్పష్టం: యూరప్ ఓడలు రాకముందు కొన్ని వందల ఏళ్ళపాటు ఈ సంఘం ముఖం పర్షియా వైపుంది. బాగ్దాదు దగ్గరి సెల్యూకియా-టెసిఫోన్‌లో ఉండే పెద్ద బిషప్పు పంపినవాడే ఇక్కడ బిషప్పు. ఆ చెయ్యి తల మీద పడితేనే చెల్లుబాటు. కొల్లంలోని తరిసాపళ్ళికి క్రీ.శ. 849లో స్థానిక పాలకుడు రాగిరేకులు రాసిచ్చాడు. సాక్షుల సంతకాలు పహ్లవీలో, అరబ్బీలో, హీబ్రూ అక్షరాల్లో ఉన్నాయి. ఆ రేకుల్లో కొన్ని ఇప్పుడు కోట్టయం దేవలోకం అరమనలో (బిషప్పు నివాసంలో) ఆర్థడాక్స్ సభ దగ్గర, మిగతావి తిరువల్లలో మార్తోమా సభ దగ్గర ఉన్నాయి. దానపత్రం ఒకటే. ఆ పాత సంఘంలోంచి చీలిన ఈ రెండు సభలూ, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు, దాన్నీ పంచుకున్నాయి. ఇది విన్నప్పుడు గుండె కలుక్కుమంది.

ముందు రోజు మట్టాంచేరి వెళ్ళొచ్చాను. కొచ్చి రేవు పక్కన మిరియాల, అల్లం గోదాములు. ఆ సందుల్లో కూనన్ కురిశు చర్చి. కూనన్ కురిశు అంటే వంగిన శిలువ. పర్షియా వైపు నుంచి వచ్చి ఈ సంఘాన్ని నడిపిన చివరి బిషప్పు మార్ అబ్రాహాం 1597లో పోయాడు. రెండేళ్ళకే, 1599 జూన్‌లో, గోవా ఆర్చిబిషప్పు మెనెజెస్ ఉదయంపేరూరులో సభ పెట్టి ఈ సంఘాన్ని రోమ్ కిందికి తెచ్చాడు. వాళ్ళ ప్రార్థన భాష అయిన సిరియాక్‌లోని పుస్తకాలను దిద్దమన్నాడు, దిద్దలేనివి కాల్చమన్నాడు. ఏ పుస్తకాలు బూడిదయ్యాయో తలుచుకుంటే ఇప్పటికీ ఊరుకోబుద్ధి కాదు. ఆ తర్వాత యాభై ఏళ్ళకు అహతల్లా అనే పశ్చిమాసియా బిషప్పు మైలాపూరులో దిగాడని కబురొచ్చింది. పోర్చుగీసులు ఆయన్ని ఓడెక్కించి గోవా తీసుకుపోయారు. కొచ్చి తీరంలో దింపమని జనం బతిమాలినా దింపలేదు. సముద్రంలో ముంచేశారని పుకారు పుట్టింది. 1653 జనవరి 3న మట్టాంచేరిలో శిలువకు తాళ్ళు కట్టి, శిలువ అందని వాళ్ళు తాళ్ళు పట్టుకుని ప్రమాణం చేశారు. ఆ బరువుకే శిలువ వంగిందంటారు.

ఏమని ప్రమాణం చేశారు? జెసూట్ మిషనరీల మాట వినం అన్నారంతే అని కాథలిక్కులంటారు. రోమ్‌నే కాదన్నారని ఆర్థడాక్స్ వాళ్ళంటారు. తాడు ఒకటే, పట్టుకున్నవాళ్ళ మనవళ్ళు చెప్పే మాటలు రెండు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. బిషప్పు లేడు, పంపేవాడు లేడు. ఆ ఏడాది మే నెలలో ఆలంగాడులో పన్నెండుమంది కత్తనార్లు కలిసి తమ నాయకుడైన ఆర్చిడీకన్ తోమా తల మీద చేతులుంచి బిషప్పును చేశారు. కత్తనారంటే మామూలు గురువు. గురువులు బిషప్పును చెయ్యొచ్చా? సగం మందికి రాత్రి నిద్ర పట్టలేదేమో. 1663లో డచ్చివాళ్ళు కొచ్చి పట్టుకుని కాథలిక్ మిషనరీలను వెళ్ళగొట్టారు. వెళ్తూ వెళ్తూ రోమ్ పంపిన బిషప్ సెబాస్టియానీ కడుత్తురుత్తిలో స్థానిక గురువు పరంబిల్ చాండీని బిషప్పుగా అభిషేకించాడు. చెల్లుబాటయ్యే చెయ్యి కావాలనుకున్నవాళ్ళు చాండీ వైపు వెళ్ళారు. 1665లో సిరియా ఆర్థడాక్స్ సభ పంపగా యెరూషలేము బిషప్పు మార్ గ్రెగోరియోస్ వచ్చి తోమా పక్షాన్ని బలపరిచాడు. సంఘం రెండయింది.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. క్రీస్తులో దైవత్వం, మానవత్వం ఎలా కలిసి ఉన్నాయన్న దాని మీద 431లో ఎఫెసు సభ, 451లో చాల్సెడన్ సభ జరిగి తూర్పు సంఘాలు చీలిపోయాయి. పర్షియా సంఘం ఒక కొస, సిరియా ఆర్థడాక్స్ సంఘం రెండో కొస. వెయ్యేళ్ళు ఒకరినొకరు తప్పన్నారు. తోమా పక్షంవాళ్ళు ఒక కొస నుంచి రెండో కొసకు నడిచి వెళ్ళారు, బిషప్పు దొరికాడు కనుక. సిద్ధాంతాల వల్లనే సంఘాలు చీలుతాయని నేను చదువుకున్నాను. ఇక్కడ చూశాక ఆ నమ్మకం సడలింది. పిల్లవాడికి బాప్తిస్మమిచ్చే గురువు అసలైన గురువేనా అన్న భయం సిద్ధాంతం కన్నా పెద్దది. ప్రార్థనలోని సిరియాక్ యాస కూడా మెల్లగా మారింది. తూర్పు యాసలో దేవుడు 'ఆలాహా', పడమటి యాసలో 'ఆలోహో'.

మాస్టారింట్లో మధ్యాహ్నం కర్రపెండలం ఉడకేసి, కుడంపులి వేసిన చేపల పులుసు పెట్టారు. మాస్టారు ఆర్థడాక్స్. ఆయన భార్య పుట్టిల్లు మార్తోమా. 1836 ప్రాంతంలో మారామణ్‌లో అబ్రహాం మల్పాన్, ఇంగ్లీషు మిషనరీల సావాసంతో, ప్రార్థనల్ని సంస్కరించగా పుట్టిన సభ అది. పెద్దకూతుర్ని చాండీ పక్షపు సీరో మలబార్ కాథలిక్కులకిచ్చారు. "పండక్కి అందరూ వస్తారు. ఆదివారం పొద్దున మాత్రం తలో దిక్కు" అన్నారామె.

తోమా పక్షం మళ్ళీ చీలింది. సిరియా ఆర్థడాక్స్ సభ పెద్ద అయిన అంతియొకయ పాట్రియార్కు చెయ్యే కావాలనే యాకోబాయ వాళ్ళు, 1912 నుంచి ఇక్కడే సొంత పెద్ద బిషప్పు, కాథొలికోస్, ఉన్నాడుగా అనే ఆర్థడాక్స్ వాళ్ళు. చర్చిలు ఎవరివన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆర్థడాక్స్ వాళ్ళ 1934 నాటి నియమావళి ప్రకారమే చర్చిలు నడవాలని 2017 జూలై 3న తీర్పొచ్చింది. ఆ గొడవల్లో శవాల్ని పాతిపెట్టడానికీ దారి దొరక్క, 2020లో కేరళ ప్రభుత్వం దానికోసమే చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఆ మాట చెబుతూ మాస్టారు కంచంలో వేళ్ళు కదపడం మానేశారు.

మన దోర్నకల్ బిషప్ అజరయ్య గుర్తొచ్చాడు. సంఘాలు ఒకటి కావాలని 1919లో తరంగంబాడిలో కూర్చున్న దగ్గర్నుంచి 1945లో పోయేదాకా పాటుపడ్డాడు. దాదాపు మూడు దశాబ్దాలు సాగిన ఆ చర్చల్లోనూ పెద్ద పీటముడి ఇదే: బిషప్పు చెయ్యి పడని మెథడిస్టు పాస్టరు పాస్టరేనా? ఉన్నవాళ్ళను ఉన్నట్టే ఒప్పుకుందాం, ఇకమీదట బిషప్పులే చేతులుంచుతారు అని రాజీపడ్డారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.) పుట్టింది. మా లూథరన్లూ బాప్టిస్టులూ బయటే ఉండిపోయారు. అది ఇప్పటికీ నాకు కొరతగానే ఉంది.

ఆదివారం చెరియపళ్ళిలో ఖుర్బానాకు, అంటే ప్రభు భోజన ఆరాధనకు, వెళ్ళాను. చెప్పులు బయట విడిచి, తల మీద కొంగు వేసుకుని ఆడవాళ్ళ వైపు నిలబడ్డాను. గోడల మీద ఆకుపసర్ల రంగుల బొమ్మలు, సాంబ్రాణి పొగ. రొట్టె, ద్రాక్షారసం నాకివ్వరు. అది వాళ్ళ సభలోని వాళ్ళకే. ముందే తెలుసు కాబట్టి వెనకవరసలోనే ఉన్నాను.

అంతకు ముందు వచ్చేది కయ్యసూరి. బలిపీఠం దగ్గర గురువు ఇచ్చిన సమాధానం చేతుల్లోంచి చేతుల్లోకి వెనక్కి వస్తుంది. నా ముందు చట్ట, ముండు కట్టుకున్న ముసలమ్మ ఉంది. తెల్లటి రవిక, వెనక విసనకర్రలా కుచ్చిళ్ళు. తనకందింది తీసుకుని నావైపు తిరిగింది. నేనెవరో, ఏ సంఘమో ఆమెకు తెలియదు. జోడించిన నా చేతుల్ని తన రెండరచేతుల మధ్య పెట్టి, కొంచెం నొక్కి, వదిలేసింది. అరచేతులు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి.

నా వెనక ఒక ఆరేళ్ళ పిల్ల అప్పటికే చేతులు చాపి నిలబడి ఉంది. నేను తిరిగాను.