అల కంటే ముందు కబురు

పనీపాటా లేనివాణ్ని ‘పోయి అలలు లెక్కపెట్టుకో’ అంటాం. ఆ లెక్కలతోనే ప్రాణాలు నిలబెట్టేవాళ్లున్నారు.

సునామీ మాట వినగానే నాకు హవాయి దీవుల్లోని హీలో పట్నం గుర్తొస్తుంది. 1960 మే 22న చిలీలో 9.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. పరికరాలకి అందినవాటిలో ఇప్పటికీ అదే పెద్దది. అక్కడ లేచిన అల పదివేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, దాదాపు 15 గంటలకు హీలో చేరింది. ఎన్నింటికి వస్తుందో శాస్త్రవేత్తలు ముందే చెప్పారు. సైరన్లూ మోగాయి. చెప్పిన వేళకే అల వచ్చింది. అయినా 61 మంది పోయారు! మొదటి అలలు చిన్నవే కావడంతో ‘ఇంతేనా’ అనుకుని కొందరు వెనక్కి వచ్చేశారు. రాత్రి ఒంటిగంట దాటాక వచ్చింది అసలైనది.

వేళ చెప్పడం కొంత నయం. సునామీ వేగం సముద్రపు లోతును బట్టి ఉంటుంది. నాలుగువేల మీటర్ల లోతులో గంటకు 700 కిలోమీటర్లు... విమానంతో పోటీ అన్నమాట! లోతు తగ్గేకొద్దీ వేగం తగ్గి, ఎత్తు పెరుగుతుంది. ఆ ఎత్తు ఎంత, నీళ్లు ఏ వీధిదాకా వస్తాయి? కష్టమంతా అక్కడే. అందుకే కంప్యూటర్లో సముద్రాన్ని గళ్లుగళ్లుగా విడగొట్టి, ఒక గడిలోంచి పక్క గడిలోకి నీరెంత పోతుందో లెక్కకడతారు. తీరం దగ్గర గళ్లు మరీ చిన్నవి. నడిసంద్రంలో, అడుగున ఉంచిన పరికరాలు అల నిజంగా ఎంతుందో చెబితే లెక్క సరిచేసుకుంటారు.

2011 మార్చి 11న జపాన్‌లో పుట్టిన సునామీ ఏడుగంటల పైచిలుకులో హవాయి చేరింది. అప్పటికే జనం గట్టు ఎక్కేశారు. ఆస్తులు పోయాయి గానీ, అక్కడ ఒక్క ప్రాణమూ పోలేదు.

మనకా అదృష్టం లేకపోయింది. 2004 డిసెంబరు 26, ఆదివారం, పౌర్ణమి స్నానాలకు వెళ్లినవాళ్లెందరో! సుమత్రా దగ్గర పుట్టిన అల మన తీరానికి రావడానికి రెండుగంటలకు పైనే పట్టింది. ఆ రెండుగంటల్లో కబురు చెప్పేవాళ్లే లేరు. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా పోయారు. 2007 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఆ కాపలా కాస్తోంది. భూకంపం ఎక్కడ, ఎంత తీవ్రతతో వస్తే ఏ తీరానికి ఏమవుతుందో ముందే లెక్కలు వేసి ఉంచుకుంటుంది.

కంప్యూటర్ ఎంత చెప్పినా గడప దాటాల్సింది మనమే. బీచ్‌కి వెళ్లినప్పుడల్లా మా పిల్లలకి నేను చెప్పేది ఒకటే... మొదటి అల చిన్నదని దిగిరాకూడదు, అధికారులు ‘ఇక రండి’ అనేదాకా ఎత్తులోనే ఉండాలి. తీరంలోని ప్రతి బడిలో ఎక్కాలతోపాటు ఈ పాఠమూ చెబితే బాగుంటుంది.